వయసుకు సాక్షి

“స్వామీ, తమరొక సంతకం పెట్టాలి.”

గ్రామ సచివాలయం నుంచి వచ్చిన మాధురి కాగితాలు చేత్తో పట్టుకుని మిరప కల్లంలో నిలబడింది.

వీరాంజనేయులు కాయల మీద కప్పే పట్టా మడత పెడుతున్నాడు. మెడలో హనుమాన్ మాల. దీక్ష పట్టి పన్నెండు రోజులైంది. అప్పట్నుంచీ చిన్నాపెద్దా ఆడవాళ్లందర్నీ మాతా అనే పిలుస్తున్నాడు.

“దేనికి మాతా?”

“మీ కల్లంలో తాలుకాయలు ఏరే పున్నమ్మ పింఛనుకి పెట్టుకుంది. అరవై నిండాలి. ఆధార్‌లో యాభై ఎనిమిదే ఉన్నాయి. అప్పుడెవరో అందాజుగా రాశారంట. డెబ్బై దాటాయంటోంది. మొగుడు పోయిన సర్టిఫికెట్టు లేక వితంతు పింఛనూ కుదరదు. వయసు సర్టిఫికెట్లూ లేవు. ఊళ్లో నమ్మకమైన మనిషి ఒక మాట చెబితే, రాసి పైకి పంపుతాను.”

రంగు చెడిన కాయల్ని ఏరిపారేస్తూ పున్నమ్మ ఆ పక్కనే కూర్చుని ఉంది. పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో ఏళ్ల తరబడి పనిచేసి, మొగుడూ కొడుకూ పోయాక నిరుడు ప్రత్తిపాడు చేరింది. ఒకప్పుడు ఇదే మా ఊరంటుంది. ఆమెను ఎరిగినవాళ్లు మాత్రం ఎవరూ కనబడలేదు.

“ఇక నావల్ల కాదయ్యా. నడుం పడిపోతోంది. అదొస్తే ఇంత గంజి కాచుకుని నీడపట్టున పడుంటా.”

“నీ పని చూస్తే అట్లా లేదే మాతా! వయసు పిల్లలు ఒక బస్తా ఏరేలోపు నువ్వు రెండు ఏరుతున్నావు.”

“ఏరకపోతే కూలెవరిస్తారయ్యా?”

పక్కన బస్తాలు కుడుతున్న బుల్లయ్య నవ్వాడు. “ముసల్దానివి చేతులు కాదండీ, మిషన్లు!”

పున్నమ్మ నవ్వలేదు. ఘాటుకు ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుంది.

“అయ్యా, మీకిప్పుడు ఎన్నేళ్లు?”

“నాకా? యాభై ఏడు. ఎందుకు?”

“ఏందమ్మోయ్, పింఛను ఆయనకిప్పిస్తావా ఏంది?” అన్నాడు బుల్లయ్య.

కల్లమంతా ఘొల్లుమంది.

పున్నమ్మ ఏదో చెప్పబోయింది. నవ్వుతున్నవాళ్లను చూసింది. ఆయన మెడలో మాలను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఏం లేదయ్యా. ఊరికే.”

వీరాంజనేయులు మాధురి వైపు తిరిగాడు.

“మాలలో ఉండి, తెలియనిది తెలుసని చెప్పలేను మాతా. ముఖం చూసి వయసు చెప్పగలమా? ఎండలో కష్టపడ్డవాళ్లకి ముడతలు తొందరగా వస్తాయి. కార్డులో ఉన్నదే సరైందని రాసుకోండి.”

సంతకం పెట్టాడు.

పున్నమ్మ మళ్లీ కాయల వైపు తిరిగింది. పొద్దు వాలేదాకా తాలు ఏరింది. వెళ్తూ వెళ్తూ ఆయన ముందు ఒక్క క్షణం ఆగింది.

“పిల్లాపాపలతో చల్లగా ఉండయ్యా.”

ఆయన తలెత్తలేకపోయాడు. అబద్ధం ఆడలేదు కదా, మరి ఈ సిగ్గెందుకు? ఆమె వయసు అరవై దాటిందని తనకు తెలియదు, నిజమే. దాటలేదని మాత్రం తెలుసా?

మర్నాడు ఆమె పనికి రాలేదు. మనిషిని పంపిస్తే పాక ఖాళీగా ఉంది. మళ్లీ బట్టీ పనికని పిడుగురాళ్ల బస్సెక్కిందన్నారు. ఏ బట్టీయో ఎవరికీ తెలియదు.

ఆ శనివారం వీరాంజనేయులు ఇంట్లో స్వాములకు భిక్ష పెట్టాడు. వేటపాలెం నుంచి మేనత్త సామ్రాజ్యం వచ్చింది. అందరూ వెళ్లాక మనసులో నలుగుతున్నది బయటపెట్టాడు.

“అత్తా, మన ఊళ్లో వెనక పున్నమ్మ అని ఎవరన్నా ఉండేవాళ్లా? సున్నం బట్టీలకు వలసపోయిందంట.”

సామ్రాజ్యం చేతిలో విస్తరి కింద పెట్టేసింది.

“ఎడం చెంప మీద పుట్టుమచ్చ ఉంటుంది, ఆ పున్నమ్మేనా? బతికే ఉందా! ఏదిరా?”

“వెళ్లిపోయింది. పింఛనుకి వయసు సాక్ష్యం అడిగితే, కార్డులో ఉన్న యాభై ఎనిమిదే సరైందని సంతకం పెట్టాను.”

సామ్రాజ్యం పీట లాక్కుని ఆయనకెదురుగా కూర్చుంది.

“నిన్ను కన్నాక మీ అమ్మ ఏడాదిపాటు మంచం దిగలేదు. ఆ సంగతి తెలుసా నీకు?”

“తెలుసు.”

“మరి నువ్వెట్లా బతికావో ఎప్పుడన్నా అడిగావా?”

మాల మీదికి పోయిన ఆయన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“నీకు యాభై ఏడేళ్లయితే, కన్నకొడుకునొక పక్క, నిన్నొక పక్క వేసుకుని పాలిచ్చిన పున్నమ్మకి యాభై ఎనిమిది ఎట్లా ఉంటాయిరా?”