మొదటి పలకరింపు

"నా లెక్క ప్రకారం గాలికుంటు జబ్బు అవతలి కొట్టానికి పాకే అవకాశం నూటికి రెండే, బాబాయ్. మరి అక్కడ మూడు ఆవులెలా జబ్బుపడ్డాయి?" లాప్‌టాప్ లోంచి తలెత్తకుండానే అడిగింది అన్న కూతురు. ఆమె పశువుల డాక్టరు.

బాబాయికి ఒళ్లు మండింది. "లెక్క నీది. ఆవులు నావి. నన్నడిగితే?"

"మేత వేరు, తొట్టి వేరు, మధ్యలో గోడ. పొద్దున్నే ముందు ఎక్కడికెళ్తావు?"

"అదేం ప్రశ్న? ఒంట్లో బాగోనిదాన్నే కదా ముందు పలకరించాలి! దాని పుండ్లు కడిగాకే మిగతావాటి దగ్గరికి."

ఆమె లెక్కలోకి ఇంకో ఆవును చేర్చింది.

"అదెవరిది?"

"దీనికి రెండే కాళ్లు. జబ్బు రాదు. రోజూ రెండు కొట్టాలూ తిరుగుతుంది."

నూటికి రెండు కాస్తా నూటికి తొంభై అయింది.

బాబాయి తన బూట్లకేసి చూసుకున్నాడు. వాటికి ఎప్పట్లాగే పేడ అంటుకుని ఉంది.

మర్నాడు పొద్దున్న ఆయన అడుగుల చప్పుడు వినగానే మొదట జబ్బుపడ్డ ఆవు కష్టం మీద లేచి నిలబడింది. ఆయన గుమ్మం బయటే ఆగిపోయాడు.

"ఇకనుంచి నీ దగ్గరికి ఆఖర్న వస్తాను తల్లీ," అన్నాడు. "అలిగితే అలుగు."