పలకరింపు

"ఆదివారం నాడు మీరు నన్ను పలకరించాలి డాక్టరుగారూ. అంతకంటే నాకింకేం వద్దు," అన్నాడు రామకోటేశ్వరరావు, ఆయన చేతులు రెండూ పట్టుకుని.

డాక్టర్ అష్ఫాక్ మెల్లగా చేతులు విడిపించుకున్నాడు. "కుదరదండీ. అది మా వృత్తి నియమం."

రామకోటేశ్వరరావుది ఉయ్యూరు పక్కన పదిహేనెకరాల చెరకు. మనిషి ఆరడుగులు, మీసం జానెడు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఫ్యాక్టరీవాళ్ళు కటింగ్ ఆర్డరిచ్చి, చెరకు మీద మొదటి కత్తి పడిందంటే చాలు, గట్టున నిలబడి వెక్కి వెక్కి ఏడుస్తాడు. మొదటి ఏడు కూలీలు పాము కరిచిందనుకున్నారు. రెండో ఏడు కంట్లో నలక పడిందని తనే చెప్పుకున్నాడు. మూడో ఏటికి నలకలు కూడా అయిపోయి, మంగళవారం మంగళవారం బెజవాడ పటమట వచ్చి ఈ మనసు డాక్టరు ముందు కూర్చుంటున్నాడు.

ఇంట్లో మాత్రం ట్రాక్టరు స్పేరుపార్టుల కోసమని చెప్పి వస్తాడు. ఆ పార్టులేవని భార్య బుల్లెమ్మ ఏనాడూ అడగలేదు. ఆవిడ గురువారాలు జాకెట్లు కుట్టించుకోవడానికి బెజవాడ వెళుతుంది. ఆ జాకెట్లేవని ఈయనా అడగలేదు. సంసారం సాఫీగా సాగిపోతోంది.

ఇక డాక్టరుగారి నియమం సంగతి. మనిషి కనబడితే పలకరించకుండా ఉండలేడాయన. తెలిసినవాళ్ళనీ, తెలియనివాళ్ళనీ, బస్సు కండక్టర్లనీ, కిళ్ళీకొట్టువాణ్ణీ "బాగున్నారా?" అంటాడు. ఒక్క పేషెంట్లని తప్ప. పేషెంటు బయట ఎదురైతే గోడను చూసినట్టు చూసి, నడుముకున్న పేజరు సవరించుకుంటూ వెళ్ళిపోతాడు. ఫలానావాడికి మనసు డాక్టరుతో పరిచయమేమిటని జనం ఆరా తీయకుండా, వాళ్ళ గుట్టు కాపాడాలని ఆయన తాపత్రయం.

ఎక్కడ చదివొచ్చాడో గానీ, కృష్ణా జిల్లాలో ఆ నియమం ఆరునెలలు కూడా నిలవలేదు. పెళ్ళిలో పలకరించలేదని పాతికేళ్ళు పగపట్టే జనం ఇక్కడ. డాక్టరు ఎవర్ని పలకరించడో వాళ్ళే పేషెంట్లని తేల్చిపారేశారు. మొదట ఎవరు కనిపెట్టారో తెలియదు గానీ, అందరికీ తెలుసు.

ఆదివారం రామకోటేశ్వరరావు కొడుకు నాని నిశ్చితార్థం. పిల్ల సాయిశ్రీ, గన్నవరం వెంకటసుబ్బారావుగారి అమ్మాయి. ఇద్దరూ ఒకరంటే ఒకరు పడి చస్తున్నారు. ఈ క్లినిక్ ఉన్న మేడ ఆ వెంకటసుబ్బారావుదే. అద్దెకున్న డాక్టర్ని పిలవకుండా ఉంటాడా?

మాటలనుకున్న రోజున వెంకటసుబ్బారావు తెగేసి చెప్పాడు. "మాకు వేరే పట్టింపుల్లేవు బావగారూ. మీ ఇంట్లో మనసు డాక్టరు గడప తొక్కినవాళ్ళు మాత్రం ఉండకూడదు." అలా అని, నాలుగు వేళ్ళు ముడుస్తూ గాలి పీల్చి, ఆరు వేళ్ళు ముడుస్తూ వదిలాడు. ఆయాసం కాబోలని రామకోటేశ్వరరావు జాలిపడ్డాడు కూడా.

"మీరు నన్ను చూడనట్టు పోతే సంబంధం తప్పిపోద్దండీ. చెరకు పోతే మళ్ళీ వేసుకుంటాను. పిల్లాడు ఏమైపోతాడండీ?" కత్తి కూడా పడకుండానే రామకోటేశ్వరరావు కళ్ళు నిండిపోయాయి.

"ముందు గాలి పీల్చండి. వేళ్ళు ముడవండి, నాలుగు. వదలండి, ఆరు," అన్నాడు డాక్టరు. తరవాత తనూ వేళ్ళు ముడిచాడు. గుట్టు దాచడానికి పెట్టుకున్న నియమమే గుట్టు రట్టు చేస్తుంటే ఎవరికి చెప్పుకోవాలి?

"సరే. పేషెంటు తనంతట తానే కోరితే పలకరించవచ్చు. మీరు కోరారు కాబట్టి పలకరిస్తాను. కోరనివాళ్ళ జోలికి మాత్రం వెళ్ళను. ఈ మాట బయట పొక్కనివ్వకండి."

"ప్రాణం పోయినా అననండీ!"

ఆదివారం గన్నవరం కల్యాణమండపంలో మూడు వందలమంది జనం. మగపెళ్ళివారు గుమ్మంలో కాపలా ఏమిటని ఎవరో నవ్వినా రామకోటేశ్వరరావు అక్కణ్ణించి కదల్లేదు. పక్కనే పూలపళ్ళెంతో బుల్లెమ్మ. డాక్టరు స్కూటరు దిగగానే మండపంలో మాటలు తగ్గిపోయాయి. బుల్లెమ్మ తలొంచుకుని పళ్ళెంలో పూలు సర్దసాగింది.

"రామకోటేశ్వరరావుగారూ! బాగున్నారా? చెరకెలా ఉందండీ ఈ ఏడు?"

వెనక వంటశాలలో ఉన్నవాళ్ళకి కూడా వినబడేలా అడిగాడు మహానుభావుడు.

"బ్రహ్మాండంగా ఉందండీ!" అని అంతకంటే గట్టిగా అరిచాడు రామకోటేశ్వరరావు. జానెడు మీసం జానాబెత్తెడైంది. వియ్యంకుడి వైపు గర్వంగా చూశాడు. వియ్యంకుడు నేలచూపులు చూస్తున్నాడు.

డాక్టరు అక్షింతలు వేశాడు. బంతిలో కూర్చుని గుత్తివంకాయ రెండోసారి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు.

తాంబూలాలు మార్చుకునేటప్పుడు వెంకటసుబ్బారావు, "మాకసలు ఏ పట్టింపుల్లేవు బావగారూ," అని రెండుసార్లు అన్నాడు. మనసు డాక్టరు మాటే ఎత్తలేదు. ఇంత తేలిగ్గా గట్టెక్కుతానని రామకోటేశ్వరరావు కలలో కూడా అనుకోలేదు. ఆనందం పట్టలేక చెరకు లేకుండానే ఇంకోసారి ఏడ్చాడు.

వియ్యంకుడూ, పురోహితుడూ, వంటవాళ్ళూ, పక్కనే పూలపళ్ళెం పట్టుకుని నిలబడ్డ బుల్లెమ్మా, అందరూ కలిపి మూడు వందలమందిలో, డాక్టరుగారు ఆ రోజు పలకరించింది ఒక్క రామకోటేశ్వరరావునే.