మేనేజరు ఆయాసం

"నీరు తీసే మాత్ర ఇంకొంచెం పెంచండి డాక్టరుగారూ! లేకపోతే ఇది నాకు దక్కదు." బల్ల మీది ముసలి కుక్కను కోడలు రెండు చేతులా పొదివి పట్టుకుంది.

"పెంచలేనమ్మా." కుక్కల డాక్టరు స్టెతస్కోపు చెవుల్లోంచి తీసింది. "ఆ మాత్ర దీని గుండెకి కావాలి, కిడ్నీలకేమో పడదు. ఇంకాస్త పెంచితే కిడ్నీలు చేతులెత్తేస్తాయి."

కోడలికి దుఃఖం ముంచుకొచ్చింది. ఉప్పు లేకుండా విడిగా వండి, పక్కన కూర్చుని బతిమాలి తినిపించి, చంటిపిల్లలా సాకుతున్న కుక్క అది. పడుకున్న చోటి నుంచే ఇల్లంతా అజమాయిషీ చేస్తుందని మామయ్యగారు దానికి మేనేజరని పేరు పెట్టారు.

ఆ మామయ్యగారు గోడవారగా స్టూలు మీద కూర్చుని కుక్క గొలుసు చేతికి చుట్టుకుంటున్నారు.

"దానికేమైందమ్మాయ్? పొద్దున్నే నా చెప్పు నమిలేసింది. పోయేవాళ్లకి అంత ఆకలుంటుందా?"

"మీరుండండి మామయ్యగారూ! మీకన్నీ వేళాకోళాలే." ఆమె డాక్టరు వైపు తిరిగింది. "నిద్రలో ఊపిరి లెక్కపెట్టమన్నది మీరే కదా? కొలిమి తిత్తిలా ఎగపోస్తోందండీ!"

"ఎక్స్‌రే ఇప్పుడే చూశాను. ఊపిరితిత్తుల్లో చుక్క నీరు లేదు. మందు చక్కగా పనిచేస్తోంది."

"అయితే నేను అబద్ధమాడుతున్నానా?"

"అయ్యో, అలా అనలేదమ్మా. ఎలా లెక్కపెడుతున్నారో చెప్పండి."

"మధ్యాహ్నం అది పడుకున్నాక. నేను గదిలోకి అడుగుపెడితే చాలు, తోక ఊపుకుంటూ మీద పడిపోతుంది. ఇక లెక్కేం కుదురుతుంది? అందుకే బయటే నిలబడి, తలుపుకి చెవి ఆనించి వింటాను. ఈ మధ్య ఆ ఆయాసం వింటుంటే నా గుండె ఆగిపోతోంది."

"ఎవరి గదిలో పడుకుంటుంది?"

"మామయ్యగారి మంచం కింద. ఆయన కునుకు తీస్తే గానీ అదీ కన్ను మూయదు."

కుక్క వీపు నిమురుతున్న డాక్టరు చెయ్యి ఆగిపోయింది. మామయ్యగారు గొలుసు చుట్టడం మానేసి మొహం గోడ వైపు తిప్పుకున్నారు.

"మేనేజరుని నేను చూసుకుంటానమ్మా," అంది డాక్టరు మెల్లగా. "మీరు మామయ్యగారిని గుండె ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఇప్పుడే."