పిచ్చుక బరువు

“కదలకే తల్లీ! నువ్విలా ఎగిరితే నీ బరువు మాకెలా తెలుస్తుంది?”

తూకం తొట్టిలో పడుకున్న పాప కాళ్ళు తపతపా కొడుతూనే ఉంది. నర్సు ఒక చేత్తో ఆ కాళ్ళు పట్టుకుని, అంకె చూసి కేకేసింది.

“వచ్చేసిందమ్మా! డాక్టరుగారు అడిగిన కిలో వచ్చేసింది. ఏం పెట్టి పెంచావు?”

“పాలే, సిస్టర్. ఓపిగ్గా పట్టాను, అంతే,” అంది ఆమె. అన్నదే గానీ మొహంలో నవ్వు లేదు.

పాప గుండెలో పుట్టుకతోనే చిల్లుంది. నాలుగు గుక్కలు తాగితే చాలు, ఆయాసం, నుదుటి నిండా చెమట. తాగినదంతా ఊపిరి తీసుకోవడానికే ఖర్చయిపోయేది, ఒంటికి పట్టేది కాదు. ఛాతీ కోయకుండా, తొడ దగ్గర నరం గుండా సన్నటి గొట్టం పంపి ఆ చిల్లు మూసేయొచ్చు గానీ, అందుకు ఇంకో కిలో పెరగాలన్నారు డాక్టరుగారు. ఆ మాట విన్నప్పటినుంచీ ఆమెకు వేరే ధ్యాస లేదు. నాలుగు గుక్కలు పట్టడం, సీసా పక్కన పెట్టి వీపు నిమరడం, ఆయాసం తగ్గాక మళ్ళీ నాలుగు గుక్కలు. ఒక సీసా అయ్యేసరికి ఇంకో సీసా వేళయ్యేది. సేద తీరే ఆ కాసేపూ పాప ఆమె చూపుడువేలు పట్టుకుని మొహంలోకి తేరిపార చూసేది. పిచ్చుకంత పిల్ల కదా, ఆమె పిచ్చుకా అనే పిలిచేది.

“పేరేం పెట్టారు?” నర్సు అడిగింది.

“ముందు బాగవనీ, పేరు తర్వాత పెడదామన్నారు. అందాకా పిచ్చుకే.”

“బాగుంది వరస! ఇంట్లో ఇంకా పిల్లలున్నారా?”

“ఇంటినిండా ఉన్నారు.”

నర్సు పకపకా నవ్వింది. “ఈ రోజుల్లో ఇంటినిండానా! నీది గుండె కాదమ్మా, బండ. సరే, ఆపరేషనుకు సంతకం ఎవరు పెడతారు?”

“ఆయనొస్తారు.”

“రాక చస్తారా! మగవాళ్ళు సంతకానికి తప్ప దేనికీ రారు.”

డాక్టరుగారు వచ్చి, పాపను పరీక్షించి, “రేపే చేసేద్దాం” అన్నారు.

“ఇంకో నెల ఆగకూడదా, డాక్టరుగారూ?”

“ఇన్నాళ్ళూ ఎప్పుడు చేస్తారు, ఎప్పుడు చేస్తారని నా ప్రాణం తీశావు. ఇప్పుడు ఆగమంటావేంటమ్మా? భయమా?”

“భయమే,” అంది నేల చూపులు చూస్తూ.

“చిల్లు మూశాక చూడు, ఇక నీ చేతికి చిక్కదు.”

ఆయన నవ్వించడానికే అన్నారు. ఆమె పాపను గుండెకు పొదువుకుంది. గుక్క గుక్కా పట్టి ఈ రోజును తనే దగ్గరికి లాక్కొచ్చుకుంది. కిందటిసారి తూకం వేసినప్పుడు, అంకె కదలకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. పసిదానికి ఊపిరి చాలకపోయినా ఫరవాలేదా నీకు, పాడు మనిషీ అని తనను తనే తిట్టుకుంది. ఆ రోజు బుజ్జగించి మరో రెండు గుక్కలు ఎక్కువే పట్టింది.

మర్నాడు ఆయన వచ్చారు. సంతకం పెట్టి, గడియారం చూసుకుని, “నాకు పనుంది, మళ్ళీ వస్తాను” అని వెళ్ళిపోయారు. నేను చెప్పలేదూ అన్నట్టు నర్సు ఆమె వైపు చూసింది.

ఆపరేషను గది బయట బల్ల మీద, పాప దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది ఆమె. మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

“పాప అమ్మెవరండీ?” లోపలినుంచి పిలుపు.

“ఇక్కడున్నా,” అంటూ ఒక్క ఉదుటున లేచింది.

డాక్టరుగారు మూతికున్న గుడ్డ తీశారు. “చిల్లు మూసుకుందమ్మా. ఇక దిగుల్లేదు. అందరు పిల్లల్లాగే పరుగులు పెడుతుంది.”

ఆమె దుప్పటిలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. “సంతోషమొచ్చినా ఏడుపేనా!” అని నర్సు కసిరింది గానీ ఆవిడ కళ్ళూ తడిశాయి.

సాయంత్రం మొదటిసారి సీసా నోటికి అందించింది. నాలుగు గుక్కలయ్యాక అలవాటు ప్రకారం సీసా తీయబోతే పాప వదల్లేదు. ఆయాసం లేదు, చెమట లేదు. చూపుడువేలు అందించినా పట్టించుకోలేదు. చూస్తుండగానే సీసా ఖాళీ.

“అంత తొందరేమిటే? కాస్త ఆగి తాగకూడదూ?” అని బతిమాలింది ఆమె. పాప అప్పటికే నిద్రపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కినా ఒళ్ళోంచి దించలేదు.

ఇంటికి పంపే రోజు పాపకు ఒళ్ళు తుడిచి, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుతూ, “దీనికి వీపు నిమిరితేనే గానీ నిద్ర పట్టదు, సిస్టర్. అదీ కుడిచేత్తోనే నిమరాలి,” అంది.

“నాకెందుకమ్మా చెబుతావు? నిమిరేది నువ్వేగా!”

ఆమె దువ్వుతూనే ఉంది.

తలుపు తెరుచుకుంది. సంతకం పెట్టి వెళ్ళినాయన వచ్చారు. వెనకాలే ఎవరో భార్యాభర్తలు. ఆ భార్య చూపు పాప మీదనుంచి పక్కకు కదలడం లేదు.

“ఆయా, ఆశ్రమంలో దత్తత కాయితాలన్నీ అయిపోయాయి, ఇక పాపని వాళ్ళమ్మకివ్వు.”