లండన్ దొర

రోజ్ అద్దె డబ్బులు సూబయ్య చేతికివ్వలేదు. గుమ్మంలో నేలమీద పడేసింది.

"ఏరుకో తాతా."

ముసలాయన వంగి ఒక్కో నోటూ ఏరుకుని జేబులో పెట్టుకున్నాడు.

యజమాని లండన్‌లో ఉంటాడట. ఆయన తరఫున నెలనెలా అద్దె వసూలుకి వచ్చేది సూబయ్యే. ఆ ముసలాయన ఎక్కడుంటాడో, ఏం తింటాడో రోజ్ ఏనాడూ అడగలేదు. ఆమెకి ఇంగ్లీషే అలవాటు. చెరకు తోటల కూలికి ఓడెక్కి వచ్చిన తాతల నాటి తెలుగు తిట్టడానికి మాత్రం బాగా వచ్చేది.

"మా అమ్మ పోయిందని నీ దొరకి సెప్పినావా?"

"సెప్పినానమ్మా. శానా బాధపడ్నాడు."

"బాధపడ్నాడంట! పైకప్పు కారి కారి, ఆ తడిలో దగ్గి దగ్గి సచ్చిపోయింది మా అమ్మ. కొత్త రేకులెయ్యమని ఎన్నిసార్లు అడిగినాను?"

"టార్పాలిన్ నేనే కట్టినాను గదమ్మా. రేకులు మార్చాలంటే ఇంటాయన మున్సిపాలిటీకెళ్లి సంతకం ఎట్టాల. ఆయనేమో ఈడ లేడు."

"అద్దె తినడానికి మాత్రం ఉన్నాడు!"

సూబయ్య తల దించుకుని వెళ్లిపోయాడు.

క్లెయిర్‌వుడ్ పేటలో ఆ వీధికి మిగిలిన ఇల్లు అదొక్కటే. ఇది ఇళ్లుండే చోటు కాదు, ఫ్యాక్టరీల చోటు అని మున్సిపాలిటీ ఎప్పుడో తేల్చేసింది. అటూ ఇటూ గోడౌన్లు లేచాయి. గుమ్మం ముందు నుంచే లారీలు పోతాయి.

నల్లవాళ్లు మొదటిసారి ఓటేసే ఎన్నికలైతే దేశం తగలబడిపోతుందని కొందరు డబ్బున్నవాళ్లు ముందే విమానమెక్కారు. ఈ దొరా వాళ్లలో ఒకడేనని రోజ్ నమ్మకం. ఎన్నికలై ఏడాది దాటింది. దేశం తగలబడలేదు. తగలబడింది రోజ్ కడుపే.

పక్క గోడౌన్ కంపెనీలో పనిచేసే మోరిస్ ఆ సాయంత్రం గేటు దగ్గర కారు ఆపాడు.

"అక్కా, మీ యజమాని నిజంగా లండన్‌లోనే ఉంటాడా?"

"ఆ లండన్‌లోనే సస్తన్నాడు."

"అయితే పట్టుకోవచ్చు. కాపురం ఎక్కడున్నా సరే, ఇక్కడి ఇంటి అద్దె మీద పన్ను ఇక్కడే కట్టాలి. కట్టుంటాడంటావా?"

రోజ్ గేటు దగ్గరకొచ్చింది.

"కట్టకపోతే?"

"ఫిర్యాదు పెట్టు. పన్నులాఫీసు వాళ్లు లాగుతారు."

"లండన్ నుంచి ఎట్టా లాగుతారు?"

"ఆయన బదులు అద్దె పుచ్చుకునే ముసలాడున్నాడుగా. యజమాని పరాయి దేశంలో ఉంటే పూచీ వాడిదే. మెడమీద కత్తి పెడితే దొరగారి పేరూ ఊరూ వాడే చెబుతాడు."

"నీకేటి లాభం?"

"ఇరుగుపొరుగు వాళ్లం కదక్కా!"

రోజ్ చాలా రోజుల తర్వాత నవ్వింది.

మర్నాడు అతని కారులోనే వెళ్లి ఫిర్యాదు పెట్టింది. అమ్మ పోయాక మొదటిసారి ఆ పూట కడుపునిండా అన్నం తింది. దొరని విమానం దిగగానే పట్టుకున్నట్టు, అతను చేతులు జోడించి ఏడ్చినట్టు ఊహించుకుంటూ వంటింట్లో తనలో తనే నవ్వుకుంది.

కొన్నాళ్లకి సూబయ్యని పిలిచారు. రోజ్‌ని కూడా రమ్మన్నారు. మోరిస్ ఆమె వెనకే వచ్చి నిలబడ్డాడు.

ఇస్త్రీ కోటు వేసుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు సూబయ్య. పన్నులాఫీసర్ ఆడ్రీ మర్యాదగానే అడిగింది.

"యజమాని దేశం విడిచి ఎప్పుడు వెళ్లాడు?"

సూబయ్య కోటు గుండీ సవరించుకున్నాడు.

"కాపురం పూర్తిగా అక్కడేనా? మధ్యలో వచ్చి ఇక్కడ ఉంటాడా?"

సూబయ్య తల వంచుకుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"పేరు చెప్పకపోతే పన్నూ జరిమానా మీమీదే పడతాయి."

"నామీదే ఏసెయ్యండమ్మా."

రోజ్ ఒక్క ఉదుటున లేచింది.

"సూసినారా! ఆడి ఉప్పు అంతలా తిన్నాడు! సెప్పు తాతా, ఆడి పేరు సెప్పు! మా అమ్మ ఉసురు తగలాల ఆడికి! సెప్పకపోతే నీకే తగులుద్ది!"

సూబయ్య ఆమె వైపు తిరిగాడు.

"ఆ ఇంటాయన దొరికితే నీ మనసు సల్లబడుద్దా బిడ్డా?"

"పడుద్ది."

"ఇంకోమాటు ఆలోచించు."

"ఐకోనా! వద్దంటే వద్దు. ఆలోచించేదేం లేదు."

సూబయ్య తలూపాడు. ఆడ్రీ వైపు చూశాడు.

"ఆ ఇంటాయన ఈ దేశం దాటి ఏనాడూ పోలేదమ్మా. పన్ను ఏటేటా ఈడే కట్టినాడు. సూబయ్య అన్న పేరు మీద ఎతుక్కోండి."

ఆడ్రీ పక్క గదిలోకి వెళ్లి వచ్చింది. "నిజమే. ఇల్లు ఈయనదే. బాకీ ఏమీ లేదు" అంది.

రోజ్ లేచిన చోటే నిలబడిపోయింది. మోరిస్ మాత్రం ముందుకొచ్చాడు. కోటు లోపలి జేబులోంచి ఒక కవరు తీసి సూబయ్య చేతిలో పెట్టాడు.

"దొరికారు సార్. ఇల్లు కూల్చి ఆ స్థలం మా కంపెనీకివ్వడానికి మున్సిపాలిటీ నోటీసు, అందించే పని నాకప్పగించారు. యజమాని చేతికే ఇవ్వాలని రూలు. వీధిలో అందరికీ అందింది, మీ లండన్ దొరకి తప్ప." రోజ్ వైపు తిరిగి సెల్యూట్ కొట్టాడు. "థాంక్స్ అక్కా."

అతను ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

"తాతా, మరి లండన్ అని ఎందుకు సెప్పినావు?" రోజ్ అతని కోటు చెయ్యి పట్టుకుంది.

సూబయ్య కవరు విప్పకుండానే లేచాడు.

"నేనీడ లేనన్నాళ్లూ మీరీడ ఉండొచ్చని, బిడ్డా."