మూడు దినాల చీర

బెంగుళూరు అంగడి నుంచి తిరిగొచ్చిన పద్దెనిమిది పట్టుచీరలను హేమావతి తెచ్చి, ధర్మవరం చేనేత సొసైటీ అధ్యక్షుడు శివప్రసాద్ బల్ల మీద పడేసింది.

"నీ నోరు పడిపోను! చూడు, నీ మాట ఏం చేసిందో."

"మెచ్చుకుంటే కూడా తిడతావేమ్మా?" అన్నాడతను. "మా హేమావతి మూడు దినాలకు ఒక చీర నేస్తాదని హిందూపురం సభలో గొప్పగా చెప్పినా. ఆ వీడియో ఊరూరా తిరగతాండాది."

"పదైదు దినాలు పడతాదని నీకు తెలీదా?"

"తెలుసు. పదైదంటే ఎవరు చప్పట్లు కొడతారు? నాయకుడన్నాక రవ్వంత పెంచి చెప్పాల. మనోళ్లకు ఉషారు రావాల."

"మూడు దినాల్లో నేసేది మిషన్ గానీ మనిషి కాదని అంగడాయన మొగం మీదే అన్నాడు. చేత్తో నేసిన చీరలంటే ఇంగ ఎవరూ నమ్మరంట. ముప్పై మగ్గాలు నిలిచిపోయినాయి."

శివప్రసాద్ తగ్గలేదు. ఫోన్ తీసి ఆ వీడియో పెట్టాడు.

"నువ్వొక్కదానివే అరస్తాండావు. ఇదో, చూడు. నా మాటకు ముందు వరసంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది."

హేమావతి ఫోన్ లాక్కుంది. వీడియో ఆపి, ఆ ముందు వరసను పెద్దది చేసి అతని కళ్ల ముందు పెట్టింది.

"మొగాలు చూడన్నా. వీళ్లలో మగ్గమెక్కినోడు ఒక్కడన్నా ఉండాడా? అందరూ పవర్‌లూము ఓనర్లే."