కొంగపిల్లల కూడు

“కుంటలో సన్నచేపల జోలికి పోవద్దు గాబ్రియేలూ,” అన్నాడు దాసన్న, అతని గుడిసె వాకిట్లో నిలబడి.

గాబ్రియేలు తల ఎత్తలేదు. మైదుకూరు దాపున ఉన్న ఆ ఊళ్ళో చేపలు పట్టేది అతనొక్కడే. అది పందొమ్మిదివందల యాభైరెండు కరువు. కుంటలో మోకాటిలోతు నీళ్ళు మిగిలాయి. గట్టుమీది చింతచెట్ల నిండా ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టి, పిల్లల్ని లేపాయి.

“ఎందుకు పోవద్దన్నా?”

“కొంగపిల్లల గొంతులో పెద్ద చేప దిగదు. వాటికి సన్నచేపలే కూడు. పోయినేడు అవి దొరక్కనే తల్లులు గుడ్లు వదిలేసి పోయినాయి. నువ్వు వల ఏస్తే ఈ ఏడూ అంతే.”

“నా ఇంట్లోనూ పిల్లలుండారన్నా.”

“అందుకే బేరానికొచ్చినా. ఆ పిల్లలు ఎగిరిపోయేదాకా వల ఎయ్యొద్దు. పొద్దుకొక పడి జొన్నలిస్తా.”

గాబ్రియేలు సర్కారు పెట్టిన గంజి కేంద్రం ముందర ఊరంతా చెంబులతో నిలబడినా అటు తొంగిచూడని మనిషి.

“ఊరికే ఇచ్చేదయితే నాకొద్దు.”

“ఊరికేనా? పని మానుకుంటాండావు గదప్పా!”

“అట్లయితే సరే.”

దాసన్న ఇంట్లో గిడ్డమ్మ మొగుడిమీద గొంతు లేపింది. “గాదెలో అడుగు కనబడతాండాది. కొంగల కోసం మనం మాడాల్నా?”

“పిల్లలుండేటివి గదమే,” అన్నాడు దాసన్న. ఆ పూటనుంచి సంగటి ఒక ముద్దతోనే చెయ్యి కడుక్కున్నాడు. ఊళ్ళోవాళ్ళు అతనికి కొంగల మామ అని పేరు పెట్టి నవ్వారు. అతనూ నవ్వి ఊరుకున్నాడు.

తల్లికొంగలు ఎండలో కుంటకూ గూటికీ తిరుగుతూనే ఉన్నాయి. బోడిగా ఉన్న పిల్లలకు రెక్కలొచ్చాయి. తొలకరి పడిన వారానికి చెట్లు ఖాళీ అయ్యాయి.

ఆ సాయంత్రం గాబ్రియేలు వచ్చాడు. అరుగుమీద కూర్చోమన్నా కూర్చోలేదు.

“అన్నా, నిన్ను మోసం చేసినా.”

దాసన్న విత్తనాల గొర్రుకు తాడు బిగిస్తున్నాడు. “ఏందప్పా?”

“నాకు వలే లేదు. నువ్వు రాకముందే ఎలుకలు కొరికి పీలికలు చేసినాయి. జొన్నలనేసరికి పిల్లోళ్ళ మొగాలు చూసి నోరు మూసుకున్నా. ఎయ్యలేని వలకు కూలి తిన్నానన్నా.”

దాసన్న ముడి గట్టిగా లాగాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

“ఆ పీలికలు చూసినాకే బేరానికొచ్చినా.”